నాలుగు దాటితే సర్వదర్శనం

మా బావమరిది వెనిస్‌కి నాలుగు గంటలు ఇచ్చాడు.

పదకొండు రోజుల్లో ఏడు దేశాలు చుట్టేసే ఎక్సెల్ షీటులో, ఆరో రోజు వరసలో, ఒక పసుపు గడిలో ఇరుక్కుని ఉంది వెనిస్. పదింటికి దిగడం, రెండింటికి బయల్దేరడం. శాన్ మార్కో చౌకుకి పావుగంట. డోజ్ ప్యాలెస్ ఎదురుగా 'బయటి నుంచి' అని రాసి ఉంది. నిట్టూర్పుల వంతెనకి అయిదు నిమిషాలు, రియాల్టో వంతెనకి పది, గొండోలాకి అరగంట, షాపింగుకి గంటంబావు. మిగతాదంతా నడక, క్యూ, బాత్రూము. షాపింగు గడి ఒక్కదానికే ఆకుపచ్చ రంగు వేశాడు.

"వెయ్యేళ్ళు రాజ్యం చేసిన ఊరికి నాలుగు గంటలేనా?" అన్నాను.

"నాలుగంటే ఎక్కువ బావా. ప్యాకేజీ టూర్లవాళ్ళు మూడే ఇస్తున్నారు" అన్నాడు, ఆ నాలుగో గంట తన జేబులోంచి తీసి ఇచ్చినట్టు.

ఇదే ఊరు ఒకప్పుడు వచ్చినవాళ్ళని వాకిట్లోనే నిలబెట్టేది. వెనిస్ ఉన్నది మన పులికాట్ లాంటి ఉప్పునీటి సరస్సులో. తూర్పు నుంచి వచ్చే ఓడల్లో సరుకుతో పాటు ప్లేగు కూడా దిగుతోందని 1423లో అక్కడి ఒక దీవిలో రోగులకి ఆసుపత్రి పెట్టారు. 1468లో మరో దీవిలో, అనుమానం ఉన్న ఓడల్ని, సరుకుల్ని, మనుషుల్ని ఆపి ఉంచే ఏర్పాటు చేశారు. వాళ్ళ భాషలో నలభైని క్వరాంతా అంటారు. కరోనా రోజుల్లో ఇళ్ళల్లో కూచుని మనం జపించిన క్వారంటైన్ ఆ నలభైలోంచి పుట్టిన మాటే. నలభై రోజులు పడిగాపులు పడితే గానీ లోపలికి రానివ్వని ఊరి పని మావాడు నాలుగు గంటల్లో తేల్చేస్తాడు. ప్లేగయినా ఊరిని ఇంకాస్త నిదానంగా చూసేది.

ప్లానింగు ఫిబ్రవరిలో మొదలైంది. షెంగెన్ వీసాకి పెద్దవాళ్ళకి తలకి 90 యూరోలు. ముప్ఫై వేల యూరోలకు తగ్గని ఆరోగ్య బీమా. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆదాయపన్ను కాగితాలు, వెళ్ళే టికెట్టు, తిరిగొచ్చే టికెట్టు, ప్రతి రాత్రికీ ఎక్కడ పడుకుంటామో రుజువు. ఇవన్నీ వీసా రాకముందే చూపించాలి. సంబంధం కుదరకముందే శుభలేఖలు అచ్చేయించి పట్టుకెళ్ళమన్నట్టు. అవి చూసి వాళ్ళకి ముచ్చటేస్తే పిల్లనిస్తారు. దరఖాస్తుకి జతచేసిన ఉత్తరంలో 'యూరప్ కళా సంస్కృతుల పట్ల మా కుటుంబానికి గల ప్రగాఢమైన ఆసక్తి' అని రాశాడు మావాడు. ఆ ప్రగాఢమైన ఆసక్తికి ఎక్సెల్‌లో గడి లేదు. నేను అడిగితే 'రిమార్క్స్' కాలమ్ ఖాళీగా ఉంది, అందులో పెడదాం అన్నాడు.

తర్వాత తగిలింది అసలు చిక్కు. ఊరికి టికెట్టు.

మ్యూజియానికి టికెట్టుంటుంది, సినిమాకుంటుంది, జూకుంటుంది. ఊళ్ళోకి అడుగు పెట్టడానికి టికెట్టు పెట్టిన ఘనత వెనిస్‌ది. 2024 ఏప్రిల్ 25న మొదలుపెట్టారు. ఆ రోజు శాన్ మార్కో పండగ. ఆయన ఊరి రక్షక దైవం. మన దగ్గర గ్రామదేవత జాతర రోజునే ఊరి పొలిమేరలో టోలుగేటు ప్రారంభించినట్టు. పొద్దున వచ్చి సాయంత్రం పోయే యాత్రికుడు అయిదు యూరోలు కట్టాలి. 2025లో ఏప్రిల్ 18కీ జూలై 27కీ మధ్య 54 రోజులు ఈ వసూలు సాగింది, ముఖ్యంగా శుక్ర, శని, ఆదివారాలు. నాలుగు రోజుల ముందే కొనుక్కున్నవాడికి అయిదు, ఆలస్యం చేసినవాడికి పది. ఫోనులో క్యూఆర్ కోడ్ చూపించకపోతే జరిమానా. మా ఆరో రోజు కచ్చితంగా శుక్రవారం పడింది.

మావాడు ఇదంతా చదివి వినిపిస్తుంటే చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తగారు తలెత్తారు. "అంటే తిరుమల మూడొందల టికెట్టు లాంటిదన్నమాట" అన్నారు.

"అది వేరు, ఇది వేరమ్మా" అన్నాడు కొడుకు. ఎలా వేరో మాత్రం చెప్పలేకపోయాడు.

"మరి సర్వదర్శనం లేదురా?"

ఉంది. రుసుము ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం నాలుగు దాకానే. నాలుగు దాటితే ఎవరైనా ఉచితంగా వెళ్ళొచ్చు. అత్తగారికి వెనిస్ మీద అప్పుడు గురి కుదిరింది. మినహాయింపుల జాబితా విన్నాక మరీ కుదిరింది. ఊరివాళ్ళకి టికెట్టు లేదు, సరే. ఊరివాళ్ళ చుట్టాలకి కూడా మూడో అంచె చుట్టరికం దాకా లేదు. ఇటలీ చట్టం లెక్కల్లో మేనత్త మూడో అంచె, మేనత్త కూతురు నాలుగో అంచె. అంటే ఆ ఊళ్ళో కాపురమున్నవాడింటికి మేనత్త ఊరికే రావచ్చు, వెంట వచ్చిన మరదలు అయిదు యూరోలు కట్టాలి. "ఇదెక్కడి అన్యాయం, ఎవరొస్తే పని జరుగుతుందో వాళ్ళకే టికెట్టా!" అన్నారావిడ.

ఎందుకీ రుసుము అంటే రద్దీ తగ్గించడానికిట. హైదరాబాద్ నుంచి లక్షలు పోసి, వీసా కోసం నెలలు దేవుళ్ళకి మొక్కి, విమానాలు మారి వచ్చినవాడు, ఇటలీలో రైలు దిగి, అయిదు యూరోలు అనగానే 'అబ్బే, అంత పెట్టలేం' అని వెనక్కి తిరిగి రైలెక్కేస్తాడని ఆ పురపాలక సంఘం నమ్మకం. మొదటి ఏడాది 29 రోజులకి దాదాపు 24 లక్షల యూరోలు వచ్చాయి. అన్ని డబ్బులు వచ్చాయంటే అంత జనం వచ్చారనేగా అర్థం? దోమలు తగ్గడానికి దోమకింత అని పన్ను వేసి, వసూలు బాగుందని సంబరపడినట్టుంది. మొదటి రోజునే స్థానికులు కొందరు రోడ్డెక్కారు. అన్నట్టు అక్కడ రోడ్లు లేవు. బస్సులు ఆగిపోయే పియాజాలే రోమా దగ్గరే నిలబడి, మా ఊరిని థీమ్ పార్కు చేశారని గోల పెట్టారు.

రాత్రి ఊళ్ళోనే బస చేసినవాడికి ఈ రుసుము లేదు. 2025 జూన్ చివర్లో అమెజాన్ జెఫ్ బెజోస్ పెళ్ళికి ప్రపంచంలోని కోటీశ్వరులంతా వెనిస్‌లో దిగారు. బెజోస్‌కి ఇక్కడ చోటు లేదని ఊరివాళ్ళు బ్యానర్లు కట్టారు. చోటు దొరికింది. ఖరీదైన హోటళ్ళలో బస చేసిన పెళ్ళివారు నిబంధన ప్రకారం అయిదు యూరోలు కట్టక్కర్లేదు. పక్క ఊళ్ళో చౌక గది తీసుకుని, పులిహోర పొట్లం కట్టుకుని, రైల్లో వచ్చేవాడే రద్దీ. మా కుటుంబానికి మావాడు పాదువాలో గదులు తీసుకున్నాడు. కాబట్టి మేము ఏడుగురం రద్దీ.

పులిహోర సంగతి కూడా చెప్పాలి. పన్నెండున్నరకి శాన్ మార్కో మెట్ల మీద కూచుని తినేద్దామని మా అత్తగారి ప్లాను. ఎక్సెల్‌లో అది 'లంచ్ (సున్నా యూరోలు)' అని నమోదైంది. అక్కడ మెట్ల మీద కూచుని తినడం నేరం. 2019లో ఇద్దరు జర్మన్ యాత్రికులు రియాల్టో వంతెన పక్కన చిన్న స్టవ్ వెలిగించి కాఫీ కాచుకుంటే 950 యూరోలు జరిమానా వేసి ఊరు దాటించారు. కాఫీకే అంతైతే ఇంగువ వాసనకి ఎంతో! శాన్ మార్కో చౌకులో 1720 నాటి ఫ్లోరియన్ కాఫీహౌసు ఉంది, అక్కడ బయట కూచుంటే వాద్యసంగీతానికి విడిగా డబ్బు తీసుకుంటారు. తినకూడని మెట్ల మీదా కూచోలేం, పాటకి డబ్బడిగే కుర్చీలోనూ కూచోలేం. అన్నీ నిలబడే చూడాలి. అందుకే నాలుగు గంటలు ఎక్కువ అన్నాడేమో మావాడు.

న్యాయంగా ఒక్క మాట. ఆ ఊళ్ళో వీధి వీధికీ మంచినీటి కుళాయిలున్నాయి, వందకు పైగా, ఉచితం, తాగొచ్చు. వాటి గురించి షీటులో లేదు. నీళ్ళ సీసాలకి నలభై యూరోలు రాసి ఉంది. ఒంటికి వెళ్ళడానికి మాత్రం ఒకటిన్నర యూరో. తాగిన నీళ్ళు ఉచితం, వదిలిన నీళ్ళకి నూటయాభై రూపాయలు.

షాపింగు గడి ఆకుపచ్చగా ఉందని మొదట్లో నవ్వాను. తర్వాత ఆలోచిస్తే మావాడే ఆ ఊరి ఆత్మని పట్టుకున్నాడనిపించింది. వెనిస్ పుట్టుకే పెద్ద షాపింగు, డబ్బులివ్వని షాపింగు. 828లో ఇద్దరు వెనిస్ వర్తకులు అలెగ్జాండ్రియా నుంచి సెయింట్ మార్క్ భౌతికకాయాన్ని ఎత్తుకొచ్చారు. ముస్లిం సుంకం అధికారులు ముట్టుకోకుండా పైన పందిమాంసం కప్పారని వాళ్ళే గొప్పగా చెప్పుకుంటారు. అలా దొంగిలించిన దేవుడికి గుడి కట్టి, దాని ముఖద్వారం మీద పెట్టడానికి 1204లో కాన్‌స్టాంటినోపుల్‌ని కొల్లగొట్టి నాలుగు కంచు గుర్రాలు తెచ్చారు. 1797లో నెపోలియన్ వచ్చి వెనిస్ రాజ్యాన్ని ముగించి, ఆ గుర్రాలని పారిస్‌కి తోలుకుపోయాడు. దొంగ సొమ్ము దొరలపాలు. 1815లో తిరిగొచ్చాయి. ఇప్పుడు అవి లోపల మ్యూజియంలో ఉన్నాయి. బయట పైన నిలబడ్డవి నకళ్ళు. మనం 'బయటి నుంచి' ఫోటో తీసేది ఆ నకళ్ళనే.

నకలుకి అక్కడ కొదవ లేదు. కార్నివాల్ ముసుగులు వెనిస్ గుర్తు అని నాలుగేసి కొనుక్కొస్తాం. నెపోలియన్ తర్వాత ఆ కార్నివాల్ చచ్చిపోయింది. 1979లో మళ్ళీ లేపారు. అంటే ఆ ప్రాచీన సంప్రదాయానికి నా కన్నా తక్కువ వయసు. దుకాణాల్లో చౌకగా దొరికే ముసుగులు చాలామటుకు చైనావి. గాజు పూసలూ అంతే. గాజు బట్టీల నిప్పుకి ఊరు తగలబడుతుందని 1291లో వాటిని మురానో దీవికి తరిమేశారు. ఏడు వందల ఏళ్ళు ఆ దీవి కుటుంబాలు బుగ్గలు నొప్పెట్టేలా ఊదిన గాజుని, పక్క దుకాణంలో కంటెయినర్‌లో దిగిన గాజు ఓడిస్తోంది. మార్కో పోలో చైనా వెళ్ళి వచ్చినందుకు చైనా మర్యాదగా తిరుగు ప్రయాణం చేస్తోంది.

ఇక గొండోలా. 1979లోనే 'ది గ్రేట్ గ్యాంబ్లర్'లో అమితాబ్, జీనత్ అమన్ దాన్నెక్కారు. ఆనాటి నుంచి మన దేశంలో పెళ్ళయిన ప్రతి ఆడమనిషికీ దాని మీద హక్కుంది. అరగంటకి 90 యూరోలు, రాత్రి ఏడు దాటితే 110. ఇది పురపాలక సంఘం పెట్టిన ధరే, బేరం లేదు. పూర్వం ఆరుగురిని ఎక్కించేవాళ్ళు. యాత్రికులు బరువెక్కిపోయారని 2020లో అయిదుకి కుదించారు. ఈ ముక్క వినగానే భోజనాల బల్ల చుట్టూ ఏడు పొట్టలు లోపలికి పోయాయి. ఏడుగురం కాబట్టి రెండు గొండోలాలు, 180 యూరోలు. కొందరు పడవవాళ్ళు పాట కూడా ఏర్పాటు చేస్తారు. జనం అడిగేది 'ఓ సోలే మియో'. అది నేపుల్స్ పాట, భాష కూడా నేపుల్స్‌ది. పాపికొండల లాంచీలో భాంగ్రా వేయించుకుని గోదావరి జానపదం విన్నామని మురిసినట్టు.

అదే గొండోలాకి అన్నలాంటి పడవ ఒకటుంది, ట్రగెత్తో అంటారు. పెద్ద కాలువకి ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఇద్దరు మనుషులు తెడ్డు వేసి దాటిస్తారు. బయటివాళ్ళకి రెండు యూరోలు. కూరగాయల సంచీతో ఊరివాళ్ళు ఎక్కేది దాన్నే. ఇది చెబితే మా బావమరిది ఆసక్తిగా విన్నాడు.

"ఎంతసేపుంటుంది?"

"రెండు నిమిషాలు."

"రీలుకి సరిపోదు బావా."

రియాల్టో వంతెనకి రెండడుగుల దూరంలో శాన్ బర్తొలొమియో చౌకులో ఒక మందుల షాపు ఉంది. 2008 నుంచీ దాని అద్దంలో ఒక అంకెల బోర్డు వెలుగుతోంది. అది దీవుల్లోని పాత వెనిస్‌లో ఇంకా మిగిలిన జనాభా. 1951లో అక్కడ లక్షా డెబ్భై అయిదు వేలమంది దాకా ఉండేవారు. 2009లో అరవై వేల కిందికి దిగితే ఊరివాళ్ళు ఒక శవపేటిక చేసి, పెద్ద కాలువలో పడవ మీద ఊరేగించి, తమ ఊరికి తామే అంత్యక్రియలు జరిపారు. 2022 ఆగస్టులో యాభై వేల కిందికి దిగింది. రొట్టెల కొట్టు పోయి ముసుగుల కొట్టు వచ్చింది. ఇల్లు పోయి యాత్రికులకి రోజువారీ అద్దె గది వచ్చింది. శాంతా మార్గరీతా చౌకులో ఒక పుస్తకాల షాపు రెండో బోర్డు పెట్టింది. దాని మీద యాత్రికుల కోసం ఊళ్ళో ఎన్ని పడకలున్నాయో కనిపిస్తుంది. 2023లో ఆ అంకె మొదటి అంకెని దాటింది. మనుషుల కన్నా మంచాలు ఎక్కువున్న చోటుని తెలుగులో ఊరు అనరు, సత్రం అంటారు. సత్రానికి రుసుము తీసుకోవడంలో తప్పేముంది? కాకపోతే ఆ సత్రంలో ఇంకా కొన్ని వేల కుటుంబాలు పిల్లల్ని బడికి పంపుకుంటూ, మన సూట్‌కేసుల చక్రాలు వంతెన మెట్ల మీద తెల్లారకట్ల చేసే చప్పుడుకి ఉలిక్కిపడి లేస్తూ కాపురముంటున్నాయి. ఊరంతా నాలుగు వందలకు పైగా వంతెనలు, దాదాపు అన్నిటికీ మెట్లే. మావాడు ఇరవై ఎనిమిది అంగుళాల సూట్‌కేసులు కొన్నాడు, ఏడు.

ఆ పుస్తకాల షాపు పేరు మార్కో పోలో. వెనిస్ విమానాశ్రయం పేరూ అదే. 1254లో పుట్టి ఇరవై నాలుగేళ్ళు దేశాలు తిరిగిన ఆ పెద్దమనిషి మనకీ కాస్త బంధువే. ముత్ఫిలి అని అతను రాసింది మన బాపట్ల జిల్లా మోటుపల్లి గురించి. దాన్ని ఏలే రాణిని మెచ్చుకున్నాడు, ఆమె రుద్రమదేవి అని చరిత్రకారులంటారు. సాలెగూడు లాంటి సన్నబట్టల గురించి రాశాడు. పాములున్న లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే, వాటికి అంటుకున్న వజ్రాలని గద్దలు పైకి తెస్తాయనీ రాశాడు. ఇది మనవాళ్ళెవరో చెప్పిన కథే అయ్యుండాలి. విదేశీయుడు కనబడగానే కోతలు కోసే గైడు ఈనాటివాడు కాడని దీన్నిబట్టి తెలుస్తోంది. కోతలు నమ్మినా, అతను ఊరేమిటి, ఏలేదెవరు, నేసేదేమిటి అని అడిగాడు. ఏడు వందల ఏళ్ళ తర్వాత ఆ బాకీ తీర్చడానికి వాళ్ళ ఊరు వెళ్తున్న మనం అడిగింది ఒక్కటే. వైఫై ఉందా?

అదే మోటుపల్లిలో ఒక రాతి స్తంభం మీద 1244 నాటి గణపతిదేవుడి శాసనం ఉంది. అంతకుముందు రాజులు తుపానుకి కొట్టుకొచ్చిన ఓడల్లో సరుకంతా లాక్కునేవారట. ఇకమీదట అలా జరగదు, నిర్ణయించిన సుంకమే తీసుకుంటాం, ముప్ఫైలో ఒక వంతు అని దూరదేశాల ఓడ వర్తకులకి అందులో మాట ఇచ్చాడు. దానికి అభయ శాసనమని పేరు. సుంకమూ తీసుకున్నాడు, అభయమూ ఇచ్చాడు. మా బావమరిదిని మోటుపల్లి చూశావా అని అడిగాను. అక్కడ ఏముంది బావా అన్నాడు. నిజమే. టికెట్టు లేదు, క్యూ లేదు, నకిలీ ముసుగులు లేవు. చూశామని చెప్పినా ఎవరూ కుళ్ళుకోరు.

ఆఖరి ప్రయత్నంగా అత్తగారి సర్వదర్శనాన్నే నేను తీర్మానంగా పెట్టాను. పొద్దున పాదువాలో పడుకుని, సాయంత్రం నాలుగు దాటాక వెనిస్ వెళ్దాం. ఏడుగురికి రుసుము లేదు. జూన్ ఎండ తగ్గుతుంది. బస్సుల జనం, ఓడల జనం తిరిగి వెళ్ళిపోతారు. రాత్రి తొమ్మిది దాకా వెలుతురుంటుంది. సందుల్లో దారి తప్పుదాం, కాస్తేలో అనే పేట వైపు వెళ్తే ఆ గోడకీ ఈ గోడకీ కట్టిన తాళ్ళ మీద ఆరేసిన బట్టలు కనిపిస్తాయి, అవి నకళ్ళు కావు. మా అత్తగారికి ఈ ప్లాను నచ్చింది. ఆ బట్టలు వానొస్తే ఎవరు తీస్తారో చూడాలన్నారు. పిల్లలు కూడా తలూపారు, దారి తప్పడమంటే వాళ్ళకెప్పుడూ ఇష్టమే.

"ఏడింటికి పాదువాలో ఇండియన్ డిన్నర్ బుక్ అయిపోయింది బావా" అన్నాడు మావాడు. "పప్పు, ఆలూ గోబీ, అన్నం. క్యాన్సిల్ చేస్తే డబ్బులు రావు."

నిన్న రాత్రి ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకి షీటు వచ్చింది. ఫైలు పేరు 'యూరప్ ఫైనల్ ఫైనల్ 3'. అందులో వెనిస్‌కి మూడున్నర గంటలున్నాయి. పోయిన అరగంటని స్విట్జర్లాండ్‌లో చాక్లెట్ల షాపుకి కలిపాడు.